ఇంటింటి లెక్క
(కుటుంబ కూటమిలో, నవాబుపేటలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల సంచికలో గుడుల చరిత్ర ఉంటుంది, బడుల చరిత్ర ఉంటుంది, సేవచేసిన పెద్దల ఫొటోలు ఉంటాయి. ఉండవలసినవే. మాకు ఇచ్చిన అంశము మాత్రము మన ఊరి కుటుంబ జీవితము. దీనిమీద పొగడ్తల ఉపన్యాసము ఒకటి తయారు చేయుట కష్టము కాదు. దానివలన ఎవరికి లాభమని మాలో మేము అనుకొని, రెండు వందల పేజీల నోటుపుస్తకము ఒకటి కొని, ఎండకాలములో ఇల్లిల్లు తిరిగాము. ప్రతి ఇంటిలోను అడిగినవి మూడే ప్రశ్నలు. ఈ ఇంటిలో ఎవరెవరు పుట్టారు? ఎవరిని ఎక్కడికి ఇచ్చారు, ఎక్కడినుండి తెచ్చుకున్నారు? ఎవరెవరు పోయారు? ఆ పుస్తకములోని సంగతులే ఈ దినము మీ ముందు పెట్టుచున్నాము. ఇంటి పేర్లు చెప్పము. చెప్పకపోయినా మీలో సగము మంది గుర్తుపడతారు, అది వేరే మాట.

మొదటి ప్రశ్న దగ్గరనే మా బండి ఆగిపోయింది. "అవ్వా, నువ్వు ఏ సంవత్సరము పుట్టినవు?" అంటే అవ్వ మమ్మును ఎగాదిగా చూసి, "నాకేమెరుక బిడ్డా, రజాకార్ల లొల్లిల మా అమ్మ నన్ను కడుపుల పెట్టుకొని గుట్టకు ఉరికిందట" అన్నది. లెక్క సరిపోయింది. పోలీసు చర్య 1948 సెప్టెంబరు 13న మొదలైనది. కనుక అవ్వ పుట్టుక 1948 చివరనో 1949 మొదటనో. ఇంకొక తాత, "మా నాయిన మూసీ పొంగిన యాడాది పుట్టిండు" అన్నాడు. మన అనంతగిరి కొండలలో పుట్టిన మూసీయే 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచినది. వేలమంది పోయారు. ఆ వరదల తరువాతనే గండిపేట చెరువు కట్టారు, 1920లో పూర్తయినది. పట్నమువారికి అది చరిత్ర. మనకు అది ఒక మనిషి పుట్టినరోజు. గత్తర యాడాది, 1972 కరువు యాడాది, తెలంగాణ కొట్లాట అయిన 1969, ఇందిరమ్మ పోయిన 1984, ఇట్లు ప్రతి ఇంటిలోను పుట్టుకలు ఏదో ఒక పెద్ద సంగతికి కట్టివేసి ఉన్నవి, పశువును గుంజకు కట్టినట్లు.

కాగితములు ఉన్న ఇండ్లు కొన్ని ఉన్నవి. ఒక ఇంటిలో ఇనుప పెట్టె తీసి చూపించారు. తాతగారి కాగితము ఉర్దూలో ఉన్నది, తారీకు ఫసలీలో ఉన్నది. నిజాము సర్కారులో పట్వారీ లెక్కలన్నీ ఫసలీలోనే కదా. ఫసలీకి 590 కలిపితే సుమారుగా మన ఇంగ్లీషు సంవత్సరము వస్తుంది. తండ్రిగారి బడి కాగితములో ఆంధ్రప్రదేశ్, హైదరాబాదు జిల్లా అని ఉన్నది. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడినది గనుక కుమారుని కాగితములో రంగారెడ్డి జిల్లా. మనుమరాలిది తెలంగాణ రాష్ట్రము, వికారాబాదు జిల్లా. అది 2016 అక్టోబరు 11న వచ్చినది. నాలుగు తరములవారు మూడు రాష్ట్రములలో, మూడు జిల్లాలలో పుట్టినట్లు కాగితములు సాక్ష్యము చెప్పుచున్నవి. ఇల్లు మాత్రము ఒక్క గజము కదలలేదు. వాకిట్లో వేపచెట్టు కూడ అదే.

కాగితము లేని ఇండ్లే ఎక్కువ. అప్పట్లో పిల్లవానిని బడిలో వేయుటకు తీసుకొనిపోతే, కుడిచేయి తలమీదుగా పోనిచ్చి ఎడమచెవి అందుకొమ్మనేవారు. అందితే ఆరేండ్లు నిండినట్లు. పుట్టినరోజు సారువారే వేసేవారు, జూన్ ఒకటో, జూలై ఒకటో. అందుకే మన ఊరిలో ఒక తరమంతా జూన్, జూలై నెలలలోనే పుట్టినట్లు కనబడుతుంది. బడికి పోనివారికి ఆధారు కార్డు తీసేటప్పుడు జనవరి ఒకటి వేశారు. ఒక ఇంటిలో కార్డుల ప్రకారము తమ్ముడు అన్నకంటె మూడేండ్లు పెద్ద. "వాడే నాకు అన్న, ఇకమీద వానికే దండము పెడుత" అని అన్నగారు నవ్వాడు. మేమును నవ్వాము.

కాని అన్ని ఇండ్లలోను ఇది నవ్వులాట కాదు. 2014లో ఆసరా పింఛను పెట్టినప్పుడు ముసలివారికి 65 ఏండ్లు ఉండవలెనన్నారు. 2021లో 57కు తగ్గించారు. 70 దాటినా కార్డులో తక్కువ పడి ఏండ్లకొలది తిరిగినవారు మా పుస్తకములో ఉన్నారు. దీనికి ఎదురు లెక్క ఇంకను కఠినము. 2018లో వచ్చిన రైతుబీమా 18 నుండి 59 ఏండ్ల వయస్సువారికే వర్తిస్తుంది. రైతు ఏ కారణముచేత పోయినను ఇంటివారికి ఐదు లక్షలు వస్తాయి. మేము చూసిన ఒక ఇంటిలో యజమాని పోయేనాటికి, తోటివారి లెక్క ప్రకారము, 55 ఏండ్లు దాటలేదు. కార్డులో 61 ఉన్నది. ఎవరో ఒకనాడు తొందరలో వేసిన అంకె. ఆ తల్లి మాతో ఒక్క మాట అన్నది. "ఆయన ఎన్నడు పుట్టిండో మా అత్తమ్మకు ఎరుక. ఆమెను ఎవ్వరు అడుగలే." అత్తమ్మ అప్పటికే పోయింది.

ఆ ఇంటినుండి వచ్చిన తరువాతనే మా పని మాకు స్పష్టమైనది. మన ఊరి జనన మరణ రిజిస్టరు ముసలి స్త్రీల నోటిలో ఉన్నది. పోలీసు పటేలు ఉన్నంతకాలము ఆయన దగ్గర ఒక పుస్తకము ఉండేది గాని, అందులో ఎవరి ఇంటి సంగతులు ఎక్కినవి, ఎవరివి ఎక్కలేదు అనేది ఆయా వాడలవారికి తెలుసు. 1984లో పటేలు పట్వారీల వ్యవస్థ పోయినది. అవ్వలు మాత్రము మిగిలారు. ఇప్పుడు వారును ఒక్కరొక్కరుగా వెళ్ళిపోవుచున్నారు.

రెండవ ప్రశ్న పెండ్లిండ్లు. ఇక్కడ అందరికి హుషారు వచ్చినది. మూడు ఆదివారములు గుడిలో పెండ్లి ప్రకటన చదువుట, ఎవరికైనా అభ్యంతరమున్నదా అని అడిగినప్పుడు అందరు వెనుకకు తిరిగి చూచుట, పందిరికి మామిడాకు కోయుటకు ఎవరి చెట్టు ఎక్కినది, ఎవరి పెండ్లిలో వాన కురిసి బువ్వగుండిగలు ఇంటిలోకి మోసినది, ఇవన్నీ నిన్న జరిగినట్లు చెప్పారు. సంబంధములు ఎక్కడ కుదిరినవని అడిగితే ఎక్కువమంది చెప్పిన తావు ధారూరు జాతర. నవంబరులో వాగు ఒడ్డున గుడారములు వేసుకొని వారము దినములు ఉండుట, ఒక గుడారము పొయ్యిమీది కూర ఇంకొక గుడారమునకు పోవుట, ఆ కూర వెంట పిల్ల సంగతి పోవుట! ప్రార్థనకే పోయామని అందరు చెప్పుదురు. ప్రార్థనయు నిజమే, పిల్లను చూచుటయు నిజమే.

మన కోడండ్లు ఎక్కడినుండి వచ్చారో గీతలు గీసి చూస్తే రైలుపట్టాల వెంటనే గీతలు పడినవి. 1874లో సికింద్రాబాదు నుండి వాడి వరకు రైలు నడిచినది. మనకు చిట్టిగిద్ద స్టేషను దగ్గర. ఆ దారిలో వికారాబాదు, ధారూరు, తాండూరు. తాండూరు 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండేది గనుక అక్కడినుండి వచ్చిన అత్తలు కన్నడము కలిపి మాట్లాడేవారు. వారు తెచ్చిన జొన్నరొట్టె తీరు, కందిపప్పు తీరు వేరు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినదని పేపరులో చూసి, మన ఊరిలో ఒక అవ్వ, "మేము డెబ్బై ఏండ్ల కిందనే గుర్తించినం" అన్నది.

ఇక్కడ ఒక సంగతి చెప్పవలెను. వచ్చిన కోడండ్లను అందరు లెక్కలో వేశారు. ఇచ్చిన బిడ్డలను వేయలేదు. "మీకు ఎందరు సంతానము?" అంటే "ముగ్గురు కొడుకులు" అని చెప్పి ఆగిన తండ్రులు ఉన్నారు. లోపలినుండి తల్లి, "ఇద్దరు ఆడపిల్లలు గూడ" అని కలిపేది. జహీరాబాదుకు, బీదరుకు, షోలాపూరుకు పోయిన ఆడబిడ్డల పేర్లు తమ్ముళ్ళ పిల్లలకు తెలియవు. ఒడిబియ్యము పోసి పంపినాము, పండుగకు రమ్మన్నాము, తల్లిదండ్రులు పోగానే ఆ పిలుపును పోయినది. మా పుస్తకములో అందుకే ఆడబిడ్డలకు వేరే పేజీ పెట్టాము. ఆ పేజీలు నింపుటకు ఫోనులే ఎక్కువగా పనికివచ్చినవి. షోలాపూరులో ఉన్న ఒక అత్త తన పేరు ఊరి పుస్తకములో వ్రాయుచున్నామని వినగానే చాలాసేపు మాట్లాడలేదు. తరువాత వరుసగా పదకొండు మంది పేర్లు చెప్పింది, ఒక్కటియు తప్పులేదు.

మూడవ ప్రశ్నకు వచ్చేసరికి గొంతులు తగ్గినవి. పెద్దవారి చావులు చెప్పుటకు ఎవరును వెనుదీయలేదు. చెప్పనివి పసిపిల్లల చావులు. "ఎందరు పుట్టారు?" అని అడిగితే బ్రతికినవారినే చెప్పేవారు. దీనికి మాకు దారి చూపినవి మన పేర్లే. మన ప్రాంతములో పెంటయ్యలు, పెంటమ్మలు, బిచ్చయ్యలు ఎందుకు ఇందరు ఉన్నారో పిల్లలకు తెలియకపోవచ్చును. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తరువాత పుట్టిన శిశువును పెంటకుప్పమీద పడుకోబెట్టి, వేరొకరిచేత ఎత్తించి, గుప్పెడు నూకలో చారెడు బియ్యమో ఇచ్చి మరల కొనుక్కునేవారు. పనికిరానిదని చావు విడిచిపెట్టి పోవలెనని ఆశ. దీనిని మూఢనమ్మకమని వేదికలమీద చాలామంది ఖండించారు. మేము ఖండించము. పెంటమ్మ అను ప్రతి పేరు వెనుక పేరు లేని ఒక అక్కయో అన్నయో ఉన్నారు. ఆ పేరే వారికి ఉన్న ఒకే ఒక సమాధిరాయి.

డెబ్బై దాటిన ఒక పెంటమ్మను అడిగాము. "నాకంటె ముందు ఇద్దరు," అన్నది. పేర్లు? "ఒకనికి పేరు పెట్టిరి, ఒకదానికి పెట్టకముందే పోయె. తొమ్మిదో దినమే దవుడలు బిగుసుకపోయె అని మా అమ్మ అనేది." తొమ్మిదవ దినమున దవుడలు బిగుసుకొనుట అనగా ధనుర్వాయువు. ఇంటిలో కాన్పు చేసి, కొడవలితోనో చిల్లపెంకుతోనో బొడ్డు కోసిన కాలమది. కోసిన చేతిది తప్పు కాదు. ఆ మంత్రసాని అర్ధరాత్రి వానలో వచ్చి తల్లిని కాపాడిన మనిషే. గర్భిణులకు టీకా వచ్చి, కాన్పులు దవాఖానకు మారి, చివరకు 2015లో పుట్టిన పిల్లల ధనుర్వాయువు మన దేశములో నిర్మూలమైనదని ప్రకటించారు. దేశము మొత్తము మీద 1971లో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది ఏడాది నిండకముందే పోయేవారు. 2020 నాటికి అది 28కి దిగినది. ఈ అంకెలను మేము చదివి వినిపిస్తే, ఆ పెంటమ్మ, "గా నూటిరవై తొమ్మిదిల మా అన్న ఉన్నడా?" అని అడిగింది. ఆ అన్న 1971కి ముందే పోయినవాడు, అంకెలకుకూడ అందనివాడు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. అన్న పేరు పుస్తకములో వ్రాసి, చదివి వినిపించాము. పేరు పెట్టని ఆడశిశువుకు "పెంటమ్మ అక్క" అని వ్రాయుమని ఆమెయే చెప్పింది.

ఆ తరువాత నుండి మేము ప్రశ్న మార్చాము. "ఎందరు పుట్టారు?" అని కాక, "ఎన్ని కాన్పులు?" అని అడిగాము. అప్పుడు నిజమైన లెక్క వచ్చినది. పక్క ఇంటి తల్లికికూడ తెలియని సంగతులు తల్లులు చెప్పారు. కొందరు చెప్పి, వ్రాయవద్దన్నారు. వ్రాయలేదు.

మన ఊరి చావుకు ఒక పద్ధతి ఉన్నది, దానిని కొంచెము చెప్పకుండ ఉండలేము. కబురు తెలిసిన వెంటనే ఆ వాడలో పొయ్యి ఆరిపోవును. మట్టి అయ్యేవరకు ఎవరింటను వంట లేదు. గుంత తవ్వుటకు పిలువకయే నలుగురు గడ్డపారలతో వస్తారు. పక్కింటి సాయెబులు చాయ్ కాచి పంపుదురు. ఆ సాయంత్రము చుట్టముల ఇంటినుండి బువ్వ వస్తుంది, దుఃఖములో ఉన్నవారిచేత బలవంతముగా నాలుగు ముద్దలు తినిపించుట వదినె మరదళ్ళ పని. ఫోనులు లేనినాడు కబురు మోయుటకు కుర్రవాళ్ళు రాత్రికిరాత్రి సైకిలుమీద శంకర్‌పల్లి దాక, వికారాబాదు దాక పోయేవారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ పద్ధతి తెగినది. సమాధికి ఇరువది మందికి మించరాదని నిబంధన. ఇరువది మందిని ఎట్లు ఎంచవలెను? అన్నదమ్ముల ఇండ్లే ఇరువది దాటుతాయి. ఒక కుటుంబము ఏ ఇరువదిమందినో ఎంచలేక, తవ్వినవారిని, మోసినవారిని తప్ప తాముకూడ గేటు బయటనే నిలిచారు. వారి మనస్సులో ఆ ముడి ఈనాటికిని విప్పబడలేదు.

ఊరు దాటి పోయిన చావులు ఇంకొక విధము. 2021 ఆగస్టు 29 ఆదివారము మర్పల్లి మండలము తిమ్మాపూర్ వాగులో పెండ్లివారి కారు కొట్టుకొనిపోయినది. పారాణి ఆరని పెండ్లికూతురు పోయింది. మనకు వాగులు కొత్త కాదు. మోకాలి లోతు అనుకొని దిగే అలవాటును కొత్త కాదు. ఇక 2025 నవంబరు 3. తాండూరు నుండి హైదరాబాదు పోవు ఆర్టీసీ బస్సు, కంకర టిప్పరు చేవెళ్ళ దగ్గర మీర్జాగూడలో ఢీకొని 19 మంది పోయారు. అది సోమవారము. సోమవారము పొద్దుటి బస్సు అంటే మన ప్రాంతములో అందరికి తెలుసు. ఆదివారము ఇంటికి వచ్చి, తల్లి కట్టిచ్చిన పచ్చడి డబ్బాతో హాస్టలుకు, ఉద్యోగమునకు తిరిగి పోయేవారి బస్సు. ఆ దినము మన ఊరిలో తమ పిల్లలు ఆ బస్సులో లేరని తెలిసినవారుకూడ మరల మరల ఫోను చేశారు. ఆ రోడ్డు వెడల్పు, మర్రిచెట్ల వాదము, కోర్టు సంగతులు మీకు తెలుసు. వాటిని గూర్చి మాట్లాడవలసినవారు మాట్లాడవలెను, త్వరగా మాట్లాడవలెను. మేము చెప్పునది ఇంతే. ఇంత చిన్న ప్రాంతములో 19 అనునది అంకె కాదు. ఎవరో ఒకరికి ఎవరో ఒకరు చుట్టము.

సమాధిరాళ్ళ సంగతి. మనము పేరు చెక్కించునది తాండూరు బండమీద. అగ్గువకు దొరుకును, నునుపుగా ఉండును, అక్షరము తేలికగా దిగును. అదే దాని లోపమును. సున్నపురాయి గనుక ఎండకు వానకు పొరలు పొరలుగా లేచిపోవును. మన సమాధుల తోటలో ముప్పది నలుబది ఏండ్లనాటి రాళ్ళు చేతితో తడిమితేనే గాని చదువుటకు రాలేదు. కొన్నిటిపై తెల్లపిండి చల్లి చదివాము. పదమూడు రాళ్ళమీద పేరు పూర్తిగా పోయినది. వాటిలో ఎనిమిది ఎవరివో అవ్వలు చెప్పారు. ఐదు మిగిలినవి. గుడి తూర్పుగోడ పక్క, సీతాఫలము చెట్టుకింద ఉన్నవి అవే. సభ ముగిసిన తరువాత పెద్దలు దయచేసి ఒకసారి ఆ దిక్కుగా నడిచి చూడవలెను.

ఇప్పుడు చేయవలసిన పనులు రెండు మూడు చెప్పి ముగింతుము. బిడ్డ పుట్టినను, మనిషి పోయినను 21 దినములలో పంచాయతీలో వ్రాయించవలెను. 1969 చట్టము ప్రకారము అప్పుడు ఖర్చు లేదు. ఏడాది దాటినదా, ఆర్డీవో కచ్చేరి మెట్లు ఎక్కవలెను. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు బడికి, ఓటుకు, ఉద్యోగమునకు పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెటే ఆధారమని చట్టము మారినది గనుక పేరు స్పెల్లింగు తల్లి చూచుకొని సంతకము పెట్టవలెను, ఆస్పత్రిలో ఎవరో వ్రాసినది కాదు. గుడిలో పెండ్లి జరిగి రిజిస్టరులో సంతకములు అయినవారును దాని నకలు తీసి ఇంటిలో పెట్టుకొనవలెను. వీసాకు అవసరమైనప్పుడు, భర్త పోయి పింఛనుకు అవసరమైనప్పుడు పరుగెత్తుట మేము చాలా చూశాము.

నోటుపుస్తకము ఈ దినము భోజనముల బల్ల చివర, నీళ్ళ డ్రమ్ము పక్కన ఉంచాము. కలము దారముతో కట్టాము, తీసుకొనిపోకుడి. వ్రాయరానివారు చెప్పితే వ్రాయుటకు ఇద్దరు ఆడపిల్లలు అక్కడ కూర్చుంటారు, డిగ్రీ చదువుచున్న మన ఊరి పిల్లలే. మొదట అవ్వలను పంపుడి, తరువాత భోజనము. పెండ్లి ఫొటోలు, ఫసలీ కాగితములు ఉన్నవారు తెచ్చితే ఫోనులో ఫొటో తీసి అక్కడికక్కడే తిరిగి ఇస్తాము. తాండూరువారు నాలుగు గంటల రైలుకు పోవలెనన్నారు గనుక వారి పేజీలు ముందు తెరుస్తాము.